ఇవ్వాలా, నేర్పాలా? కరువు పని నుంచి ధర్మవరం మగ్గం దాకా

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తారీఖున తెల్లవారేసరికి గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటింటికీ తిరిగి పింఛన్లు పంచుతారు. వృద్ధులకు, వితంతువులకు 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. అనంతపురం జిల్లాలో ఏ పల్లెలోనైనా ఆ పొద్దున టీ అంగడి దగ్గర కాసేపు కూర్చుంటే ఒక మాట చెవిన పడుతుంది. "ఊరికే ఇస్తా పోతే రేపు కూలికి ఎవురొస్తారప్పా?" దానికి జవాబూ అక్కడే వస్తుంది. "ముసలామెకు మందుబిళ్లలకు నాలుగు రూపాయలొస్తే నీకేం కష్టమప్పా?"

చదువుకున్నవాళ్ల మధ్య ఇదే తగవు ఇంకో రూపంలో నడుస్తుంది. అన్నం పెడితే ఒక పూట నిండుతుంది, విద్య నేర్పితే బతుకంతా నిలబడుతుంది అని పెద్దల మాట ఉండనే ఉంది. దాన్ని పట్టుకుని కొందరు ఉచితాలన్నీ దండగ అంటారు. కడుపు కాలుతున్న మనిషికి పాఠాలేమిటని మరికొందరు కోప్పడతారు. రెండు వైపులా ఎంతో కొంత నిజం ఉంది కాబట్టి వాదన తెగదు. పైగా ఎవరి గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండానే మాట్లాడుతుంటాం. తోడెవరూ లేని డెబ్బై ఏళ్ల ముసలామె, బోరు ఎండిపోయిన చీనీ (బత్తాయి) తోట రైతు, కర్నూలు జిల్లా కోసిగి నుంచి గుంటూరు మిరప చేలకు వలస పోయే కుటుంబం, మగ్గం గుంతలో కూర్చుని నడుము పోగొట్టుకున్న నేతగాడు. ఈ నలుగురినీ "పేదలు" అన్న ఒక్క మాటలో కట్టేసి, వీళ్లకు ఇవ్వాలా నేర్పాలా అని అడిగితే ఏ జవాబు చెప్పినా ముగ్గురికి తప్పే అవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సీమలో కష్టంలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పని రాక కాదు ఈ కష్టం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని వానతో, తరాలుగా సేద్యం చేసినవాళ్లకు పనితనం గురించి మనం చెప్పగలిగింది తక్కువ. ఒక దెబ్బ తగిలితే తట్టుకోవడానికి చేతిలో ఏమీ ఉండకపోవడం అసలు కష్టం. అందువల్ల నమ్మకంగా, సమయానికి అందే సాయం మనిషిని కూర్చోబెట్టదు. తన కాళ్ల మీద నిలబడే ప్రయత్నం చేయడానికి ధైర్యాన్నిస్తుంది. చెడగొట్టేవి వేరే ఉన్నాయి, వాటి గురించి కూడా చెబుతాను.

పనితనం ఉన్నా తీరని కష్టం

ధర్మవరం నేతగాడికి మనం ఏ విద్య నేర్పగలం? పట్టుచీర మీద జరీ అంచు, కొంగు, బుటాలు తీర్చే చేయి అది. చిన్నప్పుడే తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నది. అయినా ఆ ఇంట్లో అప్పు తీరదు. ఎందుకు తీరదో తెలియాలంటే మగ్గం దగ్గర కాసేపు నిలబడి చూడాలి.

చాలా ఇళ్లలో పట్టునూలు, జరీ నేతగాడివి కావు. పెట్టుబడి పెట్టే షావుకారు ఇస్తాడు. డిజైను ఆయన చెప్పిందే. చీర నేసి ఇస్తే కూలి ముడుతుంది. ఆ కూలి లెక్క మగ్గం మీద కూర్చున్న ఒక్క మనిషికే. కండెలు చుట్టే భార్య, పోగులు అతికే తల్లి ఆ లెక్కలోకి రారు. వానాకాలంలో గుంతలోకి చెమ్మ ఊరితే మగ్గం ఆగుతుంది, ఆగిన రోజులకు కూలి లేదు. పండగకో పెళ్లికో తీసుకున్న అడ్వాన్సు షావుకారు దగ్గర అలాగే ఉంటుంది కాబట్టి ఇంకొకరికి నేస్తానని చెప్పే వీలూ లేదు. ఇక బజారులో అదే డిజైను పవర్‌లూమ్ మీద నేసిన చీర తక్కువ ధరకు దొరుకుతుంది. కొన్ని రకాల బట్టలు చేతి మగ్గం మీదే నేయాలని 1985లో కేంద్రం చట్టం చేసింది. మొదట 22 రకాలు, తర్వాత 11కు తగ్గించారు. ఆ పదకొండులో చీరలూ ఉన్నాయి. చట్టాన్ని అమలు చేసే పని మాత్రం ఎప్పుడూ నత్తనడకే.

ఇక్కడ "శిక్షణ" అని బ్యానరు కట్టి మూడు రోజులు క్లాసులు పెడితే నేతగాడికి మూడు రోజుల కూలి పోతుంది, అంతే. అతనికి కావలసింది సొంతంగా ఒక వార్పుకు, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగుకు, సరిపడా పట్టు కొనుక్కునే డబ్బు, అమ్ముకునే దారి, నకిలీ మీద తనిఖీ. ఇంకా ఒకటి ఉంది. మన రాష్ట్రంలో నేతన్నకు పింఛను 50 ఏళ్లకే ఇస్తారు. మగ్గం ఒంటిని ఎంత తొందరగా అరగదీస్తుందో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. యాభై ఏళ్లు దాటి చూపు మందగించిన మనిషికి స్వావలంబన పాఠం చెప్పడం అన్యాయం. అతను తన వంతు పని చేసేశాడు, ఆ పింఛను అతని హక్కు.

ఇస్తే సోమరులవుతారన్న భయం

ఈ భయానికి వయసు చాలా ఉంది. 1876లో మొదలైన ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాలు కర్నూలు, బళ్లారి, కడప. అనంతపురం అప్పటికి బళ్లారిలోనే ఉంది, వేరే జిల్లా అయింది 1882లో. జనం చచ్చిపోతుంటే కలకత్తాలోని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. ఖజానా ఖర్చు తగ్గించాలన్నది ఒక ఎత్తు, ఎక్కువ ఇస్తే జనం కరువు పనులకే అలవాటు పడతారన్నది ఇంకో ఎత్తు. 1877లో ఆయన మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌను అంటే అర కిలో కూడా లేదు. దాంతో మట్టి తవ్వే పని చేయాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు, ఆ తిండితో పని చేసే ఒళ్లు నిలవదని వాదించాడు. తర్వాత కూలి పెంచారు గానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగింది. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు.

దానికి పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వచ్చినవాళ్లందరికీ గంజి, అన్నం పెట్టించాడు. ఎవరు నిజంగా ఆకలితో ఉన్నారు, ఎవరు ఊరికే వచ్చారు అని తూకం వేయలేదు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆ పతకం సంగతి ఎలా ఉన్నా, సీమ జనం ఆయన మీద కట్టుకున్న పాటలు మాత్రం నిలిచాయి. ఒకే నేల మీద, పదేళ్ల తేడాతో, ఇవ్వడం గురించిన రెండు ఆలోచనలు ఇవి. ఆయన పెట్టిన అన్నం తిని సేద్యం మానేశారని ఎవరి గురించీ మనం వినలేదు. వానలు పడ్డాక మడక కట్టారు.

ధాత కరువు తర్వాత వేసిన కరువు కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికలో ఒక పని మంచిగా చేసింది. ఒళ్లు సహకరించేవాళ్లకు పని చూపించాలి, పని చేయలేనివాళ్లకు ఊరికే తిండి పెట్టాలి అని రెండుగా విడదీసింది. నూట నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా ఆ విభజనే మరిచిపోయి మాట్లాడుతుంటాం.

ఆకలిగా ఉన్న మనిషికి డబ్బిస్తే తాగుడుకు పోతుందన్న అనుమానం ఇప్పటికీ ఉంది. దీని మీద లోకమంతా జరిగిన పరిశోధనలు ఉన్నాయి. 19 అధ్యయనాలను ఒకచోట పెట్టి ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 2014లో చూస్తే, నగదు సాయం వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా కనపడలేదు. తాగేవాడు సాయం రాకముందూ తాగుతున్నాడు. సాయం వచ్చిన ఇంట్లో పెరిగేది ఎక్కువగా తిండి, పిల్లల ఖర్చు.

సుగ్గి, మేస్త్రీ అడ్వాన్సు, కరువు పని

కర్నూలు జిల్లా పడమటి మండలాలు, అంటే కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల, వలసను "సుగ్గి" అంటారు. ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, అది అయిపోగానే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, ఇంకా ఎక్కడ పని ఉంటే అక్కడికి, కుటుంబాలు కుటుంబాలే లారీలెక్కుతాయి. పొయ్యి, గిన్నెలు, పరుపు చుట్టలు, చంటిపిల్లలు అన్నీ లారీలోనే. ఊళ్లో తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. బడిలో హాజరు సగానికి పడిపోతుంది.

ఇక్కడ అసలు కీలకం, కూలీలను కుదుర్చుకుని తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు. కూలి రేటు తేలకముందే, ఇంట్లో గింజలు నిండుకున్న నెలలో, మేస్త్రీ వచ్చి కొంత డబ్బు చేతిలో పెడతాడు. తీసుకున్నారంటే అతను చెప్పిన చోటికి, చెప్పిన రేటుకు పోవాలి. అక్కడికి పోయాక కాయ బాగాలేదనో, తూకం తక్కువనో కోత పడినా తిరిగి రావడానికి లేదు. అదే ఇంట్లో రెండు నెలల బియ్యం ఉంటే? రేషన్ బియ్యం, ఊళ్లో నాలుగు వారాల ఉపాధి పని, అవ్వ పింఛను కలిస్తే ఆ ఇల్లాలు మేస్త్రీతో "రేటు చెప్పు, తర్వాత చూస్తాం" అనగలదు. సాయానికున్న అసలు బలం నాకు ఇక్కడే కనిపిస్తుంది. కాదనగలిగే శక్తి వచ్చిన రోజు మనిషి బేరం ఆడతాడు, బేరం ఆడినవాడికి కూలి పెరుగుతుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. జనం నోట అది "కరువు పని". కొన్నేళ్ల తర్వాత, ఆ కూలి డబ్బులు మధ్యలో ఎవరూ మింగకుండా, సమయానికి చేరేలా ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వేలిముద్రలతో స్మార్ట్‌కార్డులు తెచ్చింది. ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆ ఎనిమిదిలో అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఉన్నాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు కార్డులు వచ్చిన మండలాలనూ రాని మండలాలనూ పోల్చి చూశారు. పథకం సక్రమంగా నడిచిన చోట పేద ఇళ్ల ఆదాయం పెరిగింది. ఆ పెరిగిన ఆదాయంలో నూటికి ఎనభై రూపాయలకు పైనే ఉపాధి కూలి నుంచి రాలేదు. బయటి పనుల నుంచి వచ్చింది. ఎందుకంటే ఊళ్లో పని దొరుకుతుందన్న ధీమా వల్ల పొలాల్లో కూలి రేట్లు పెరిగాయి. బయట పనిచేసే రోజులు తగ్గాయా అంటే, తగ్గలేదు.

"రేపు కూలికి ఎవురొస్తారప్పా" అన్న పెద్దమనిషికి జవాబు ఇదే. వస్తారు. నిన్నటి రేటుకు రారు. చిన్న రైతుకు ఇది నిజంగా భారమే, దాన్ని కొట్టిపారేయను. రెండెకరాల శనక్కాయ రైతు కూలీలకు ఎక్కువిచ్చి నష్టపోతే ఆయన కూడా సాయం అడగాల్సిన మనిషే అవుతాడు. కానీ కూలీల ఆకలి మీద రైతు గట్టెక్కాలనడం పరిష్కారం కాదు. పంటకు గిట్టుబాటు ధర దగ్గర, బీమా దగ్గర ఆ సమస్య తేలాలి.

గేదె ఎందుకు నిలవదు, గొర్రె ఎందుకు నిలుస్తుంది

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. నగదు, బియ్యం కాకుండా "బతుకుతెరువు" ఇస్తే బాగుంటుంది కదా అంటారు. చాలా పథకాలు, చాలామంది దాతలు చేసేది ఇదే. సబ్సిడీ మీద ఒక పాడి గేదె ఇప్పిస్తారు. ఫోటో బాగా వస్తుంది.

గేదె ఇంటికొచ్చిన రోజు నుంచి లెక్క వేయండి. రోజూ ఎండుగడ్డి, పచ్చిగడ్డి, దాణా, కడవల కొద్దీ నీళ్లు. సొంత పొలంలో బోరు ఉన్న రైతుకు పచ్చిగడ్డి గట్టు మీద దొరుకుతుంది. భూమి లేని ఇంటికి ప్రతి మోపూ కొనుగోలే. ఈనిన ఎనిమిది తొమ్మిది నెలలు పాలు ఇస్తుంది, ఆ తర్వాత వట్టిపోతుంది. గేదె చూడి పది నెలలు. మళ్లీ ఈనే దాకా నెలల తరబడి పాల డబ్బు రాదు, మేత ఖర్చు మాత్రం ఆగదు, బ్యాంకు కంతూ ఆగదు. సరిగ్గా అప్పుడే కరువొచ్చి వరిగడ్డి ధర రెండింతలైతే ఆ ఇల్లు ఏం చేస్తుంది? సంతకు తోలుకుపోతుంది. అందరూ అమ్మేదీ అప్పుడే కాబట్టి ధర ఉండదు. గేదె పోయి అప్పు మిగులుతుంది. ఆ తర్వాత ఆఫీసులో, "వీళ్లకు ఇచ్చినా నిలబెట్టుకోలేరు" అంటారు.

అదే ఇంటికి నాలుగు గొర్రెలు ఇచ్చి ఉంటే కథ వేరు. బీడు మీద, కోసిన చేల మీద మేస్తాయి. అయిదు నెలలకు ఈనతాయి. అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డకు జ్వరమొస్తే ఒక పొట్టేలును అమ్మి మిగతావాటిని ఉంచుకోవచ్చు. గేదెను సగం అమ్మలేం. అనంతపురంలో గొర్రెలు ఇంతగా ఉండటానికి కారణం ఇదే, ఈ నేల మీద బతికినవాళ్లు తమ కష్టాన్ని బట్టి ఎంచుకున్న జీవం అది. అలాగని గొర్రెకు గండం లేదని కాదు. వానాకాలంలో నీలి నాలుక రోగం వస్తే మందలు మందలే పోతాయి. సమయానికి టీకా, నట్టల మందు, ఫోన్ చేస్తే వచ్చే పశువుల డాక్టరు లేకపోతే గొర్రెలూ నిలవవు. అంటే ఇచ్చిన వస్తువు వెనక ఇంకా ఎన్నో ఉండాలి.

ఈ "ఇంకా ఎన్నో" గురించి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. అతి పేద ఇంటిని ఎంచుకుని పశువులో, చిన్న అంగడి సరుకో ఉచితంగా ఇస్తారు. దాన్ని చూసుకోవడం నేర్పుతారు. అది ఫలితమిచ్చే దాకా అమ్ముకోకుండా ఉండేందుకు కొన్ని నెలలు తిండికి డబ్బిస్తారు. పొదుపు చేయిస్తారు. వారం వారం ఒక మనిషి వచ్చి పలకరిస్తుంది. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూ దేశాల్లో ఈ పద్ధతిని పరీక్షించి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2015లో ఫలితాలు చెప్పింది. సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా చాలాచోట్ల ఆ ఇళ్ల తిండి, ఆదాయం మెరుగ్గానే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో పదేళ్ల తర్వాత చూసినా మేలు నిలిచింది. ఇవ్వాలా నేర్పాలా అని తగవు పడేవాళ్లు ఇక్కడ గమనించాల్సింది, అది రెండూ కలిపిన పద్ధతి. తిండి డబ్బు తీసేస్తే పశువు సంతకు పోతుంది. పశువు లేకుండా శిక్షణ గాలిలో కలుస్తుంది.

అయితే మన పక్కనే, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో ఇదే పద్ధతి పెడితే చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. ఆ సంగతి కూడా తెలుసుకోవాలి. ఆ రోజుల్లో అక్కడ కూలి రేట్లు బాగా పెరుగుతున్నాయి. పశువులు తీసుకున్న ఆడవాళ్లు కూలి పని తగ్గించి పశువుల వెంట తిరిగారు. ఒకవైపు వచ్చింది ఇంకోవైపు పోయింది. పశువులు తీసుకోనివాళ్లు కూలితోనే సమానంగా ఎదిగారు. బతుకుతెరువు ఇచ్చేముందు ఆ మనిషి రోజు ఇప్పటికే దేనితో నిండి ఉందో చూడాలని ఈ అనుభవం చెబుతుంది. ఆడవాళ్ల సమయం ఖాళీగా పడి ఉంటుందని అనుకోవడం మన పథకాల్లో పెద్ద లోపం.

ఇవ్వడం ఎప్పుడు చెడగొడుతుంది

చెడగొట్టే సాయాలూ ఉన్నాయి. అనంతపురంలో ఒక్క శనక్కాయ పంటే లక్షల ఎకరాల్లో పరుచుకోవడానికి కారణాలు చాలా. నూనెగింజలకు ధర వచ్చిన కాలం ఒకటి, సజ్జ కొర్రలకు బజారు లేకపోవడం ఒకటి. వాటితోపాటు ఏటా మే, జూన్ నెలల్లో పంచే సబ్సిడీ విత్తనం కూడా ఒక కారణం. విత్తనం ఖర్చే ఈ పంటలో పెద్ద ఖర్చు. అది సబ్సిడీకి దొరుకుతుంటే రైతు వేరే పంట వైపు చూడటం కష్టం. ఎండలో క్యూలు కట్టి, చెప్పులు వరసలో పెట్టి, మూటలు తెచ్చుకుని విత్తేవాళ్లు. వాన మొహం చాటేస్తే నష్టపరిహారం కోసం మళ్లీ ఇంకో క్యూ. సాయం మంచి మనసుతోనే ఇచ్చారు. కానీ అది ఒకే పంటకు ముడిపడి ఉంది కాబట్టి రైతును ఆ పంటకే కట్టేసింది. అంతే డబ్బు ఏ పంట వేసుకున్నా వర్తించేలా ఇచ్చి ఉంటే కంది, కొర్ర, ఆముదం వైపు ఎంతోమంది ముందే జరిగేవాళ్లు.

ఇంకొకటి రుణమాఫీ హామీ. 2014 ఎన్నికల ముందు డ్వాక్రా రుణాలు మాఫీ అన్నారు. ఆ మాట విని చాలా సంఘాలు కంతులు కట్టడం ఆపాయి. మాఫీ అనుకున్నట్టు రాలేదు, వడ్డీ పెరిగింది, సంఘాల పేరు బ్యాంకుల్లో చెడింది. రూపాయి రూపాయి పొదుపు చేసి, తీర్మానాల పుస్తకం రాసుకుని, ఒకరి కంతు ఆలస్యమైతే మిగతా తొమ్మిదిమంది సర్ది నిలబెట్టుకున్న సంఘాలవి. అక్కడ దెబ్బ కొట్టింది ఉచితం అనుకుంటే పొరపాటు. వస్తుందో రాదో, ఎంత వస్తుందో తేల్చని మాట దెబ్బ కొట్టింది. పింఛను ఒకటో తారీఖున వస్తుందని తెలిసిన అవ్వ నెల ఖర్చు పద్ధతిగా పెట్టుకుంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు కోసం మనిషి నాయకుడి ఇంటి చుట్టూ తిరుగుతాడు. చేతులు చాచే అలవాటు ఆ తిరుగుడులో వస్తుంది.

నిలబడి చూసిన సంస్థలు

1969లో స్పెయిన్ దేశస్థుడు విసెంతె ఫెర్రర్ అనంతపురం వచ్చి పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మొదట్లో చేసింది ఎక్కువగా ఇవ్వడమే. పనికి ఆహారం, బావులు, తర్వాత ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆస్పత్రి. ఇళ్లను ఆడవాళ్ల పేరు మీద రాయించారు. ఆ ఒక్క నిర్ణయం ఇచ్చిన ఇంటిని ఆస్తిగా మార్చింది, భర్త వదిలేసినా ఆమెకు నీడ ఉంది. సాయం పొందిన పల్లెల్లోనే ఇళ్లల్లో హుండీలు పెట్టుకుని తమకన్నా కష్టంలో ఉన్నవాళ్లకోసం చిల్లర వేయడం కూడా ఆ సంస్థ నడిపించింది. తీసుకున్నవాళ్లు ఇచ్చేవాళ్లయ్యారు. కానీ సంస్థే దూరదేశపు దాతల మీద నిలబడి ఉంది. 2025లో విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ దగ్గర చిక్కు వచ్చినప్పుడు జిల్లా అంతా జనం రోడ్ల మీదకు వచ్చారు. ఆ భయం చూస్తే అర్థమవుతుంది. ఆస్పత్రి వంటి దాన్ని తన పొదుపుతో నడపడం ఏ ఊరికీ సాధ్యం కాదు. అది ప్రభుత్వమే భరించాల్సిన బాధ్యత, దాత మీద వదిలేయడం తప్పు.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. బీడు భూమిలో చెట్లు పెంచడంతో మొదలుపెట్టి, ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాల దాకా వచ్చింది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వల్ల ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకునే వీలు దొరికింది. ధరణి అనే సహకార సంఘం సభ్య రైతుల నుంచి కొర్ర, సామ వంటివి కొని, శుభ్రం చేసి అమ్ముతుంది. ఇక్కడ నేర్పింది సేద్యం కాదు. లెక్కలు రాసుకోవడం, తూకం, నాణ్యత, బేరం, అదీ ఏళ్ల తరబడి పక్కనే ఉండి. కర్నూలు పక్కన ఓర్వకల్లులో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో 1990ల నడుమ మొదలైన మహిళా సంఘాలదీ ఇదే తీరు. ఆ అనుభవమే పల్లెల్లో పేదరికం తగ్గించేందుకు రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన వెలుగు పథకానికి దారి చూపింది. ఇవన్నీ నిలిచాయంటే, ఏ సంస్థా మూడేళ్లకు ప్రాజెక్టు అయిపోయిందని చాప చుట్టుకుని వెళ్లిపోలేదు కాబట్టే.

మీ చేతిలో కొంత డబ్బు ఉంటే

ఈ వ్యాసం చదివేవాళ్లలో చాలామంది బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ, సొంతూరికి ఏదైనా చేద్దామని అనుకునేవాళ్లు ఉంటారు. అందరికీ ముందు తట్టేది కుట్టుమిషన్లు. కొనేముందు ఊరి సంఘం లీడరును అడగండి: ఊళ్లో ఇప్పటికే ఎంతమంది కుడుతున్నారు, జాకెట్టు కుట్టుకూలి ఎంత, పండగ నెలలు పోతే మిగతా నెలల్లో గిరాకీ ఉందా, మిషన్ చెడితే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు. ముగ్గురికి సరిపోయే పని ఉన్న ఊరికి ఇరవై మిషన్లు తెస్తే పదిహేడు అటక ఎక్కుతాయి, మిగిలిన ముగ్గురి కూలీ పడిపోతుంది.

దానికన్నా ఆ ఇంటి దెబ్బ ఎక్కడ తగులుతుందో కనుక్కుని అక్కడ నిలబడటం మేలు. సుగ్గికి పోయే ఇంట్లో పిల్లను అవ్వ దగ్గర వదిలి వెళ్లగలిగేలా, ఆ నాలుగైదు నెలలు ఆ ఇద్దరి తిండికి ఏర్పాటు చేయవచ్చు. పదో తరగతిలో ఉన్న పిల్ల బడి మానకుండా ఉండటానికి అది చాలా సందర్భాల్లో సరిపోతుంది. మగ్గం ఇంటికైతే ఒక వార్పు పట్టు కొనుక్కునేంత డబ్బు వడ్డీ లేకుండా ఇచ్చి, చీర అమ్ముడుపోయాక తిరిగి తీసుకోవచ్చు. గొర్రెలిస్తే టీకా ఖర్చు, మొదటి ఈత దాకా ఇంటికి బియ్యం కూడా మీ లెక్కలోనే వేసుకోండి. ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు నేర్పే ప్రసక్తే లేదు, ఇవ్వడమే. అది కూడా వాళ్లు అడగక్కర్లేకుండా.

మొత్తం చిన్నదైనా ఫరవాలేదు. ఎన్ని నెలలు ఇస్తారో, ఏ తారీఖున ఇస్తారో, ఏ నెలలో ఆపుతారో ఆ ఇంటికి మొదటి రోజే చెప్పేయండి.